మా ఇంట్లో లేని తుపాకీ

మా మనవడు ఆది పటాలంలో చేరి నాలుగు నెలలయింది. పటాలం అనగానే కంగారు పడకండి, యుద్ధమేమీ లేదు; సింగపూర్‌లో పెరిగిన మగపిల్లలు మీసాలొచ్చాక రెండేళ్ళు చేసి రావాల్సిన కొలువు అది. శుక్రవారం సాయంత్రం వాడు సెంబవాంగ్ స్టేషన్‌లో రైలు దిగాడంటే, వాడికంటే ముందు వాడి మేజోళ్ళ వాసన లిఫ్టెక్కి మా తొమ్మిదో అంతస్తుకి వచ్చేస్తుంది. మొన్న ఒక శుక్రవారం అన్నంలో చేపల పులుసు కలుపుకుంటూ వాడు కాల్పుల మైదానం సంగతి చెప్పాడు. తుపాకులు కాల్చడం అయిపోయాక ఎవరూ ఊరికే వెళ్ళిపోవడానికి లేదట. ఒక్కొక్కడూ పై అధికారి ముందు నిటారుగా నిలబడి, నా దగ్గర తూటా లేదు, పేలిపోయిన తూటా తొడుగు కూడా లేదు అని గట్టిగా చెప్పాలట. "అందరిదీ సేమ్ డైలాగ్ అమ్మమ్మా. స్కూల్ డ్రామాలా ఉంటుంది లా," అని, ఇక్కడివాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే ఆ లా తగిలించి, వాడు నవ్వాడు. మా అమ్మాయీ నవ్వింది. నేను నవ్వలేదు. చావింటికి వెళ్ళినా ఏదో ఒకటి అని నలుగురినీ నవ్వించి, తిట్లు తిని వచ్చే మనిషిని నేను. అలాంటిదాన్ని నవ్వకపోయేసరికి షుగర్ పడిపోయిందేమో అని తల్లీ కొడుకూ నా మొహం కేసి చూశారు.

మా అయ్య ఏళ్ళ తరబడి నడుముకి రివాల్వరు కట్టుకుని ఉద్యోగం చేశాడని అప్పుడు చెప్పాను. ఆది చెయ్యి కంచంలో ఆగిపోయింది. "మరి ఇంట్లో గన్ ఎక్కడ పెట్టేవారు?" అన్నాడు. నా చిన్నప్పుడు మా పేట మొత్తం అడిగిన ప్రశ్న అదే. జవాబు వాడికి ఆ పూటే చెప్పాను గాని, చేపముళ్ళు తీసుకుంటూ చెబితే చాలే సంగతి కాదని తరవాత అనిపించింది. అందుకే రాస్తున్నాను. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది కూడా మా అయ్యే, గచ్చు మీద సుద్దముక్కతో. కాబట్టి ఇందులో ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే అవి సెక్యూరిటీ గార్డు ఒత్తులు అనుకుని సర్దుకుపోండి.

అప్పట్లో మేముండేది కూడా సెంబవాంగే, కానీ ఈ సెంబవాంగ్ కాదు. తెల్లదొరల నౌకా స్థావరం వెనకాల, రేకుల కప్పులూ చెక్క గోడలూ ఉన్న ఇళ్ళ పేట. మలాయ్ మాటలో దాన్ని కంపోంగ్ అంటారు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లోకి వచ్చాడు. ఆయన కొడుకు, అంటే మా అయ్య, తోటల్లోంచి ఓడల రేవుకి వచ్చాడు. దొరలు జెండా దించుకుని పోయాక, బ్యాంకుల డబ్బు చేరవేసే వ్యాన్ల కంపెనీలో కాపలా కొలువుకి కుదిరాడు. పేరు పైడయ్య. మనిషి మునక్కాడ. ఖాకీ చొక్కా వేసుకుంటే, హేంగరు మీంచి తియ్యకుండానే వేసుకున్నాడా అనిపించేది. అటువంటి మనిషి నడుముకి బరువైన రివాల్వరు, దాంట్లో ఆరు తూటాలు, బెల్టు మీద కుట్టిన తోలు పట్టీల్లో ఇంకో పన్నెండు. ఆ బరువుకి ఆయన కుడివైపు కొంచెం వాలి నడిచేవాడు. ఆ వాలుడు ఒంటికి ఎంత పట్టేసిందంటే, సెలవు రోజున లుంగీ కట్టుకుని చేపలకి వెళ్ళినా అలాగే వాలి నడిచేవాడు.

కానీ రివాల్వరు ఏ రోజూ మా గుమ్మం తొక్కలేదు. దానికి డిపోలో వేరే ఇల్లుండేది, తుపాకుల గది. కిటికీకి ఇనప చువ్వలు, లోపల ఓ మనిషి, బయట ఇసక నింపిన పీపా. పొద్దున్నే పద్దెనిమిది తూటాలూ లెక్క చూసుకుని తీసుకోవాలి, సాయంత్రం పద్దెనిమిదీ లెక్క చూపించి తిరిగివ్వాలి. ఇచ్చే ముందు గొట్టాన్ని ఇసక పీపా వైపు తిప్పి, తూటాలు అరచేతిలోకి వంచుకుని, ఆరు కన్నాల చక్రం తెరిచి పట్టుకుని "కోసోంగ్" అనాలి. మలాయ్‌లో ఖాళీ అని అర్థం. ఇచ్చేవాడు అన్నంత మాత్రాన సరిపోదు. పుచ్చుకునేవాడు ఆరు కన్నాల్లోంచీ అవతలి వెలుతురు తన కళ్ళతో చూసి, తానూ "కోసోంగ్" అన్నాకే అది చేతులు మారాలి. పేటలో ఎవరైనా మా అయ్యని, తుపాకీ రాత్రి తలగడ కింద పెట్టుకుంటావా పైడయ్యా అని అడిగితే, ఆయన చెప్పే జవాబు ఒక్కటే. "దానిల్లు దానిది, మా ఇల్లు మాది. రాకపోకల్లేవు."

తుపాకీ రాకపోయినా ఆ మాట మాత్రం మా ఇంటికొచ్చి కాపరం పెట్టింది. మా అమ్మ కిరసనాయిలు స్టవ్ ఆర్పి కోసోంగ్ అంటే, నేను వంగి వత్తుల్లో నిప్పు లేదని చూసి కోసోంగ్ అనాలి. ఒక్కరి కళ్ళు సరిపోవని అయ్య లెక్క. ఇక కత్తుల సంగతి చెప్పనే అక్కర్లేదు. కత్తి చేతికివ్వకూడదు, కింద పెడితే ఎదుటివాళ్ళు తీసుకోవాలన్నది మా మామ్మ ఆచారం. పెట్టేటప్పుడు పిడి అవతలివాళ్ళ వైపు ఉండాలన్నది అయ్య ఆచారం. ఆచారాలు రెండూ పూర్తయి కత్తి చేతికొచ్చేసరికి పొయ్యి మీద నూనె మాడిపోయేది. ఆ రోజుల్లో మా ఇంటి కూరలన్నిటికీ ఒకే రుచి ఉండటానికి కారణం మా అమ్మ వంట కాదు, భద్రత.

కంపెనీలో మిగతా కాపలావాళ్ళు కొందరు కాఫీ కొట్టు దగ్గర బొటనవేలు బెల్టులో దోపి నిలబడేవారు, చూడండి నా దగ్గర ఏముందో అన్నట్టు. అయ్య వానకోటు వెనక దాచుకుని నిలబడేవాడు. అది ఒంటి మీదుండగా కొట్లో కూర్చుని టీ తాగడు, బేరమాడడు, ఎవడైనా కాలు తొక్కినా తనే సారీ చెబుతాడు. ఒకసారి ఓ లారీ డ్రైవరు నడిరోడ్డు మీద ఆయన్ని తల్లినెత్తి తిడితే కూడా కళ్ళు దించుకుని నిలబడ్డాడట. పేటలో అది విని నాకు తల కొట్టేసినట్టయింది. తుపాకీ ఉన్న మనిషివి, ఊరికే ఎందుకు పడ్డావయ్యా అని అడిగేశాను. "అది నడుం మీదున్నంతసేపూ నాకు కోపం రాడానికి సెలవు లేదే," అన్నాడు. ఆపుకున్న కోపమంతా ఇంటికొచ్చాక పక్కింటి కోళ్ళ మీద వెళ్ళగక్కేవాడు. ఆ కోళ్ళకి తెలుగు తిట్లన్నీ వచ్చు.

నేను మాత్రం ఆయన కూతుర్ని అనిపించుకోలేదు. అయిదో క్లాసులో ఉండగా, మా ఇంట్లో బియ్యం డబ్బాలో అడుగున తుపాకీ ఉందని బడిలో చెప్పాను. కావాలని చెప్పలేదు, నోట్లోంచి దానంతటదే వచ్చింది. వచ్చాక చూస్తే బాగుంది. ఉప్పులో ఊరిన మామిడి ముక్కలు, రబ్బరు బ్యాండ్లు, కూర్చోడానికి కిటికీ పక్క చోటు, అన్నీ నడిచొచ్చాయి. నెల తిరక్కుండా ఆ మాట పేటంతా పాకింది. ఎదురింటి చైనా ఆవిడ తన కూతుర్ని మా వాకిట్లోకి రానివ్వడం మానేసింది. అయ్యకి తెలిసింది. కొట్టలేదు. ఆదివారం పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా చెయ్యి పట్టుకుని, పదకొండు ఇళ్ళు తిప్పాడు. ప్రతి గుమ్మం ముందూ ఆ ఇంటి భాషలో "మా ఇంట్లో తుపాకీ లేదు" అని నేనే చెప్పాలి. చైనావాళ్ళకి హొక్కియన్‌లో, మలాయ్ వాళ్ళకి మలాయ్‌లో, తమిళులకి తమిళంలో. కావలిస్తే వచ్చి బియ్యం డబ్బా చూసుకోండి అని ఆయన కలిపేవాడు. ఇద్దరు నిజంగానే వచ్చి చూశారు. ఇంటికొచ్చాక నేను ముక్కు చీదుకుంటుంటే పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "ఉందని దొంగ నమ్మితే దొంగొస్తాడు. పిల్లలు నమ్మితే పిల్లలొస్తారు. దొంగైతే నయం." నాలుగు భాషల్లో ఆ ఒక్క వాక్యం తడుముకోకుండా చెప్పగలను నేను. నా చదువు మొత్తానికి వచ్చిన డిగ్రీ అదే.

ఆ సాయంత్రమే సుద్దముక్కతో గచ్చు మీద తూటా బొమ్మ గీశాడు, సరిగ్గా అసలుదెంతో అంతే. ఇలాంటిది ఎక్కడైనా కనిపిస్తే ముట్టొద్దు, కదపొద్దు, పెద్దవాళ్ళని పిలు అన్నాడు. మూడు మాటలూ మూడుసార్లు చెప్పించాడు. పెద్దవాళ్ళే దాన్ని ముట్టుకుని, కదిపి, దారం కట్టి ఊరేగిస్తే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. పాపం, అంతదాకా ఆయనకీ తట్టి ఉండదు.

మా మామ్మ గురించి ఇక్కడ చెప్పాలి. అయ్యకి తల్లి. రెండు కళ్ళకీ పొరలు కమ్మి, మనుషుల్ని గొంతును బట్టి, వస్తువుల్ని తడిమి పోల్చుకునేది. అయినా ఇంట్లో పనంతా ఆవిడ చేతుల మీదే నడిచేది. మా తమ్ముడు అప్పన్నకి అప్పుడు మూడేళ్ళు. నిద్రలో ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాడు. గుంటడు జడుసుకున్నాడు, తాయెత్తు కట్టాలని మామ్మ. కడుపులో పాములు, మందు పట్టాలని మా అమ్మ. అమ్మ జొహోర్‌లో పుట్టి ఆస్పత్రి దగ్గర పెరిగిన మనిషి, తాయెత్తు మాటెత్తితే మూతి తిప్పేది. అందుకని మామ్మ కోడలు వినకుండా కొడుకు చెవిలో పోరు పెట్టింది, గుళ్ళో పూజారినడిగి ఒకటి తెచ్చిపెట్టరా అని. తెస్తానులే అమ్మా అని అయ్య రోజూ అనేవాడు. రోజూ మరిచిపోయేవాడు.

ఆ రోజు కుండపోత వాన. రోడ్లన్నీ మునిగిపోయాయి. బ్యాంకు ముందు డబ్బు పెట్టెలు దింపుతున్నంతసేపూ అయ్య మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి కాపలా కాసి, మధ్యాహ్నానికి డిపోకి తిరిగొచ్చి తడి బట్టలు మార్చుకున్నాడు. మా ఇంటికి రెండిళ్ళవతల హసన్ పాక్‌చిక్ ఉండేవాడు. పాక్‌చిక్ అంటే మలాయ్‌లో బాబాయి. ఆయనదీ అదే కంపెనీ, పొద్దుటి డ్యూటీ. ఇంటికి పోతున్నాడు కదా అని అయ్య తన తడి బట్టల మూట ఆయనకిచ్చి పంపించాడు. ఆ మూట మామ్మ చేతికొచ్చింది. ఉతికే ముందు జేబులు తడమడం ఆవిడకి అలవాటు, వక్కముక్క దొరుకుతుందని. ప్యాంటు జేబులో వేళ్ళకి ఇంకేదో తగిలింది. చల్లగా, బరువుగా, గుండ్రటి చిన్న గొట్టం. ఒక కొస ఇత్తడి, ఒక కొస సీసం. మడమ దగ్గర సన్నటి అంచు, కట్టిన దారం జారిపోకుండా. ఇన్నాళ్ళకి కొడుక్కి తల్లి మాట గుర్తొచ్చిందని ఆవిడ పొంగిపోయింది. పెళ్ళానికి తెలియకుండా జేబులో దాచి పంపించాడు కూడా, ఎంత తెలివి. అంత పనితనం ఉన్న తాయెత్తు తన బతుకులో చూడలేదని ఆవిడ తరవాత చెప్పుకుంది.

పసుపు దారం పేని, ఆ అంచు కింద నాలుగు చుట్లు చుట్టి, అప్పన్న మొలతాడుకి కట్టి, పైన చొక్కా దించేసింది. వాడు మధ్యాహ్నమంతా అది పెట్టుకుని కోళ్ళ వెంట పరిగెత్తాడు, చెక్క మెట్ల మీంచి రెండుసార్లు దూకాడు, ఒకసారి బోర్లా పడ్డాడు.

సాయంత్రం నీళ్ళు పోశాక వాణ్ణి సాంబ్రాణి పొగకి పట్టడం మామూలు. మట్టి మూకుట్లో ఎర్రటి బొగ్గులు, వాటి మీద సాంబ్రాణి. పిల్లాణ్ణి రెండు చేతుల్తో పొగ మీద అడ్డంగా పట్టుకోవడానికి మామ్మ ఎత్తింది. నేను గుమ్మంలో కూర్చుని హోంవర్కు చేస్తున్నట్టు నటిస్తున్నాను. తలెత్తేసరికి, తమ్ముడి బొడ్డు కింద, బొగ్గుల వెలుగులో, మా అయ్య సుద్దముక్కతో గీసిన బొమ్మ వేలాడుతోంది.

మామ్మా, అది తూటా అన్నాను. మళ్ళీ అన్నాను.

"నోర్ముయ్యే గుంటా. తాయెత్తది. మీ అయ్య తెచ్చినాడు, మీ అమ్మకి సెప్పకు," అంది మామ్మ, పిల్లాణ్ణి ఇంకా కిందికి దించుతూ.

ముట్టొద్దు, కదపొద్దు. పిలవాల్సిన పెద్దమనిషి ఎదురుగా అదే పని మీదుంది. నాకు తోచిందొక్కటే. తూటాని ముట్టుకోలేదు, మూకుణ్ణి తన్నాను. అది గోడకి కొట్టుకుని పగిలింది, బొగ్గులు గచ్చంతా చెదిరాయి, రెండు నా కాలి మీద పడ్డాయి. ఈ దెయ్యప్పిల్లని ఈ రోజు చంపేస్తానని అమ్మ గరిట పుచ్చుకుని వంటింట్లోంచి వచ్చింది. వచ్చి తమ్ముడి మొలకేసి చూసింది. గరిట దానంతటదే కింద పడింది.

అమ్మ బిందెడు నీళ్ళు బొగ్గుల మీద గుమ్మరించి, కత్తెరతో మొలతాడు తెంపింది. తూటా గచ్చు మీద పడి చిన్నగా మోగి, గుండ్రంగా తిరిగి ఆగింది. తాయెత్తు తీసేశారని అప్పన్న ఏడుపు లంకించుకున్నాడు. అమ్మ మొహంలో నెత్తురు లేదు. ఈ దేశంలో ఇంట్లో తుపాకీ సామాను దొరికితే ఏమవుతుందో పేటలో చంటిపిల్లలకి కూడా తెలుసు. జైలు, బెత్తం దెబ్బలు, ఉద్యోగం పోవడం, ఆ పైన చెడ్డపేరు. వెనకాల మడ చెట్ల కాలవ వాన నీళ్ళతో నిండుగా పారుతోంది, ఒక్కటంటే ఒక్క గుండు, అందులో పడేస్తే ఇంక లేదు, లేనిదాని గురించి ఎవరు ఎవర్నేం అడుగుతారని అమ్మ గొణుక్కుంటూ చీరకొంగుతో దాన్ని పట్టుకోబోయింది.

అంతసేపూ మామ్మ గోడకానుకుని నిలబడే ఉంది. అప్పుడు నన్నొక్కటే అడిగింది, మీ అయ్య సాయంత్రం ఎన్ని అప్పజెప్పాలే అని. పద్దెనిమిది అన్నాను.

"అయితే ఆడికాడ ఇప్పుడు పదిహేడున్నాయి," అంది మామ్మ. "ఆళ్ళ ముందర నిలబడుంటాడు నా కొడుకు. ఒకటేదిరా అంటే ఏటి సెప్తాడు? నువ్వు కాలవలో పారేత్తే అది పోదు కోడలా. ఆడు అమ్మీసినాడంటారు. ఆడు సచ్చిందాకా అంటారు."

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. మామ్మ చేతుల్తో గచ్చు తడుముకుంటూ వచ్చి, తూటాకి జానెడు దూరంలో కూర్చుని, ఎవరూ దాటకుండా కాళ్ళు చాపేసింది. పడ్డ చోటే ఉండనీండి, ఆడే వస్తాడు అంది. కనిపించని కళ్ళతో ఆవిడ చేసిన కాపలా చూశాక, మా అయ్యకి ఆ ఉద్యోగం ఎవరి పోలికన వచ్చిందో నాకర్థమయింది.

డిపోలో అదే వేళకి జరిగింది మాకు తరవాత తెలిసింది. కిటికీ దగ్గర అయ్య అరచెయ్యి తెరిచేసరికి పదిహేడు. లోపలి మనిషి లెక్క మొదలుపెట్టక ముందే అయ్య తనే చెప్పాడట, ఒకటి తక్కువుందని. బెల్టు మీద ఒక పట్టీ కుట్టు ఊడి అయిదు రోజులయింది. ఆ విషయం పై వాళ్ళకి చెప్పకుండా, రోజూ ఆ ఒక్క తూటాని ప్యాంటు జేబులో వేసుకుంటున్నాడు. ఆ జేబు ఈ రోజు తడి మూటతో ఇంటికి పోయింది. పక్కనున్నవాడు చెవిలో ఊదాడట, అంత వరద కదా, నీళ్ళలో పడి కొట్టుకుపోయిందను, ఎవరైనా నమ్ముతారని. నమ్మేవారే. ఆ రోజు రోడ్డు మీద స్కూటర్లే కొట్టుకుపోయాయి. పడలేదు, మా ఇంట్లో ఉంది, అక్కడ ముగ్గురు ఆడవాళ్ళూ ఓ పసివాడూ ఉన్నారు, ముందు బండి తియ్యండి అన్నాడట అయ్య.

బండొచ్చింది. ముందు అయ్య, ఆయన వెనక ఓ లావుపాటి చైనా పోలీసు సార్జంటూ, ఇద్దరు పోలీసులూ దిగారు. గుమ్మంలోకి వచ్చి అయ్య ముందు తమ్ముణ్ణి చూశాడు, తరవాత కాలిన నా కాలు చూశాడు, ఆ తరవాత తూటాని. లోపలికి అడుగు పెట్టలేదు. మీరే తియ్యండి సార్ అని పక్కకి తప్పుకున్నాడు. దీన్ని జేబులోంచి తీసిందెవరని సార్జంటు మలాయ్‌లో అడిగాడు. "సాయా," అంది మామ్మ వెంటనే. నేను అని. ఆవిడకి వచ్చిన మలాయ్ అంతటితో అయిపోయింది. మిగతాది తెలుగులో చెప్పింది, నేను మలాయ్‌లోకి మార్చాను. కళ్ళు కనబడవని, తాయెత్తనుకున్నానని, కొట్టాల్సిన బెత్తం దెబ్బలేవో తన వీపు మీద కొట్టమని, కొడుకు దొంగ కాదని. నోరు విప్పితే ఒకటికి రెండు కలిపే దాన్ని, ఆ రోజు ఒక్క ముక్క కలపలేదు. ఇంట్లో ఇంకేమైనా ఉన్నాయా అని సార్జంటు నన్నడిగాడు. పదకొండు గుమ్మాల ముందు చెప్పిన వాక్యం తడుముకోకుండా చెప్పాను, ముందు మలాయ్‌లో, తరవాత హొక్కియన్‌లో. ఆయన పెదవి ఒక పక్క వణికింది. అయినా ఇల్లంతా వెతికించాడు. బియ్యం డబ్బా కూడా.

అయ్యని ఆ బండిలోనే తీసుకుపోయారు. మర్నాడు మధ్యాహ్నానికి వదిలారు గాని, తేల్చేదాకా పనిలోకి రావద్దన్నారు. తేల్చడానికి మూడు వారాలు పట్టింది. మామ్మ కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేది. అయ్య ఆవిడ పక్కన కూర్చుని, తప్పు నాది, అయిదు రోజులు కుట్టు సంగతి చెప్పలేదు కదా అని ప్రతి పూటా అదే చెప్పేవాడు. తమ్ముడు మాత్రం ఆ రాత్రి నుంచీ ఉలిక్కిపడటం మానేసి హాయిగా నిద్రపోయాడు. ఒక్క పూట కట్టినా పనిచేసిందని మామ్మ నమ్మకం, చివరిదాకా. వాడిప్పుడు యాభై దాటిన బ్యాంకు మేనేజరు. వాడి పెళ్ళాం నా మీద చాడీలు చెప్పినప్పుడల్లా, మీ ఆయన ఒకప్పుడు బొడ్డు కింద ఏం కట్టుకు తిరిగాడో అడుగు అంటాను.

ఎవరూ అడక్కముందే తనంతట తాను చెప్పాడు కాబట్టి కేసు లేకుండా వదిలారు. కానీ తుపాకీ తీసేసుకున్నారు. చేతిలో ఈల పెట్టి, డిపో గేటు దగ్గర కర్ర ఎత్తి దించే పనికి వేశారు. జీతం సగమైంది, అమ్మ ఫ్యాక్టరీకి పోయింది, తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంట్లో కళ్ళున్న మనిషి కావాలి కాబట్టి ఆరో క్లాసుతో నా చదువు కూడా కోసోంగ్. నిజం చెప్పాలంటే నేను, మా టీచరు ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. పేట పిల్లలు అయ్యని ఈల అంకుల్ అనేవారు. ఆయన తల ఎత్తే నడిచాడు. బరువు లేకపోయినా కుడివైపు వాలే నడిచాడు.

ఇప్పుడు విమానాశ్రయంలో పెద్ద తుపాకులు పట్టుకుని నడిచే పోలీసుల్ని చూసి మనవలు ఫోటోలు తీసుకుంటారు. నేను వాళ్ళ మొహాలు చూడను, చూపుడువేలు చూస్తాను. అది మీట మీద కాక పక్కన చాపి ఉంటే, ఎవరో మంచి మనిషి దగ్గర నేర్చుకున్నాడనుకుంటాను. ఇప్పుడు తాళాలకి నంబర్లున్నాయి, తలుపులకి కెమెరాలున్నాయి, ఆది వాళ్ళ తుపాకుల గదిలో అన్నీ యంత్రం లెక్కపెడుతుందట. మంచిదే. యంత్రానికి మొహమాటం ఉండదు. మా అయ్య కాలంలో ఆ మొహమాటం మనుషులే చంపుకోవాలి, అదీ తెలిసినవాళ్ళ దగ్గర. అది ఎంత కష్టమో హసన్ పాక్‌చిక్ నాకు చెప్పాడు, అయ్య పోయిన రోజున, వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ.

గేటు దగ్గర రెండేళ్ళు గడిచాక తుపాకుల గది మనిషి రిటైరయ్యాడు. ఆ చువ్వల వెనక ఎవర్ని కూర్చోబెట్టాలని కంపెనీవాళ్ళు పోలీసుల్ని అడిగితే, మా ఇల్లు వెతికించిన ఆ సార్జంటే అయ్య పేరు చెప్పాడట. మొదటి సాయంత్రం వరసలో అందరికంటే ముందు హసన్ పాక్‌చిక్. వెనక పదిమంది, బస్సుకి వేళయింది, చినుకులు పడుతున్నాయి. ఆయన రివాల్వరు తెరవకుండానే కిటికీలో పెట్టేసి, కోసోంగ్ అనేసి, ఎన్నేళ్ళుగా ఒక పేటలో ఉన్నాం, నేను నీకు తెలియనా పైడీ అన్నాడట.

అయ్య దాన్ని ముట్టుకోలేదు. "నువ్వు నాకు బాగా తెలుసు హసన్. నేను కూడా నాకు బాగా తెలుసనే అనుకునేవాణ్ణి. పీపా దగ్గరికెళ్ళి తెరిచి చూపించు," అన్నాడు.

హసన్ పాక్‌చిక్ వెనక్కి వెళ్ళి తెరిచి చూపించాడు. ఆయన తరవాత మిగతా పదిమందీ, ఒక్కొక్కరే, నెమ్మదిగా. ఆ సాయంత్రం పదకొండు మందికీ బస్సు తప్పిపోయింది. వానలో ఇంటిదాకా నడిచారట, ఒక్కరూ తిట్టుకోకుండా.